గూట్లో దీపం, నోట్లో ముద్ద

జూన్ 2

అమ్మ ఇవాళ కూడా దీపం వెలిగించలేదు.

స్కూల్లో వేసవి క్లాసులు చెప్పి వచ్చేసరికి హాల్లో గూడు చీకటిగా ఉంది. ప్రమిదలో మిగిలిన నూనె మీద దుమ్ము తేలుతోంది. అమ్మ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. "పొద్దుపోయిందమ్మా" అన్నాను. "తెలుసురా" అంది. "మరి దీపం?" అన్నాను. నేను! దీపం ఎందుకు పెట్టలేదని అడుగుతున్నది నేను! మా హేతువాద సంఘం వాళ్ళెవరైనా వింటే కడుపుబ్బ నవ్వేవాళ్ళు.

"ఎవరికి పెట్టమంటావు? అక్కడ ఎవరూ లేరురా" అంది.

ఈ ముక్క చెప్పడానికే కదా నేను సెలవు రోజుల్లో సూట్‌కేసు పట్టుకుని ఊరూరా తిరిగింది. వేదికలెక్కి అరచేతిలో మంట పుట్టించి, "ఇది మహిమ కాదు, రసాయనం" అని గొంతు చించుకున్నది. మిగతా రోజుల్లో స్కూలు ల్యాబులో పిల్లలకు చెప్పేదీ అదే రసాయనం. నిప్పు మాస్టారని పేరు కూడా పడింది. ఎంతమంది మారారో తెలీదు గానీ, మా అమ్మ మాత్రం లొంగలేదు. "ముందు ఇంట గెలిచి తర్వాత రచ్చ గెలవరా" అని వెక్కిరించేది. ఇదిగో, అక్క పోయిన నెలలోపే ఇంట గెలిచాను.

అన్నం వద్దంది. చిన్నప్పుడు సాయంత్రం అయ్యేసరికి గుమ్మంలో నిలబడి "గూట్లో దీపం, నోట్లో ముద్ద! రండర్రా!" అని కేకేసేది. వీధిలో ఎక్కడున్నా అక్కా నేనూ పరిగెత్తుకొచ్చేవాళ్ళం. దీపం వెలిగాక కంచాలు పెట్టడం ఈ ఇంటి పద్ధతి. నేను దేవుణ్ణి మానేశాను గానీ ఆ వేళకు తినడం మానలేదు.

జూన్ 3

ఇవాళ కూడా అంతే. అరగ్లాసు పాలు.

జూన్ 5

సంఘం సమావేశం. మా అధ్యక్షుణ్ణి అందరూ గడ్డం సార్ అంటారు. ఆయన ఉత్సాహం చూడాలి! జనంలో నమ్మకం తగ్గిపోతోందట, కుర్రాళ్ళలో సగం మంది ఏ దేవుడూ లేడంటున్నారట, మన తరం కల నిజమవుతోందట. చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టినవాళ్ళలో నెరవని తల ఒక్కటీ లేదు. ఆ కుర్రాళ్ళు మా సమావేశానికి కూడా రావడం లేదన్న సంగతి ఆయన గమనించాడో లేదో.

నా నోరు ఊరుకోదు. టీ తాగుతూ అమ్మ మాట ఆయనకు చెప్పేశాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు.

"అద్భుతం మాస్టారూ! ఈ వయసులో అంత ధైర్యమా! వచ్చే సమావేశానికి అమ్మగారిని తీసుకురండి. దండ వేసి సత్కరిద్దాం. రెండు ముక్కలు మాట్లాడితే చాలు."

"ఆవిడ మంచం దిగడం లేదండీ" అన్నాను.

"కోలుకున్నాక తీసుకురండి, తొందరేముంది" అన్నాడు.

కప్పు బల్ల మీద పెట్టి వచ్చేశాను. సగం దారిలో గుర్తొచ్చింది, సూట్‌కేసు అక్కడే మర్చిపోయానని. మళ్ళీ వెళ్ళాల్సి వచ్చింది. కోపంగా వచ్చేసిన చోటికి సామాను కోసం తిరిగి వెళ్ళడంలో ఉన్నంత పరువు తక్కువ పని ఇంకోటి లేదు.

జూన్ 8

డాక్టరమ్మ ఇంటికొచ్చి చూసింది. రక్తం, గుండె, పొట్ట అన్నీ ఆ వయసుకు తగ్గట్టే ఉన్నాయంది. నన్ను వరండాలోకి పిలిచి, "ఒంట్లో రోగం లేదు. తినాలన్న కోరికే పోయింది. ఇలాగే ఉంటే ఆస్పత్రిలో చేర్చి గొట్టం వెయ్యాలి. ఆవిడ చేతులు చూశారా, ఎంత సన్నబడ్డాయో? మీతో ఆవిడ ఏమైనా మాట్లాడుతున్నారా?" అని అడిగింది.

"మాట్లాడుతూనే ఉంది" అన్నాను. అబద్ధం.

మా ఆవిడ ఆస్పత్రిలో నర్సు. డాక్టరమ్మ చెప్పకముందే ఇదంతా చెప్పింది, నేనే వినలేదు. నీకు దేవుడి మీద నమ్మకం ఉందా అని పెళ్ళయిన కొత్తలో అడిగితే "తీరికున్నప్పుడు నమ్ముతానండీ" అంది. ఇవాళ మాత్రం నా ఎదురుగా కూర్చుని అడిగింది. "అత్తయ్యగారు ఇన్నేళ్ళూ దేనిమీద బతికారో మీకు తెలుసా? దాన్ని తీసేశాక ఆవిడ దేన్ని పట్టుకుని లేవాలి?"

"నేను తీశానా?" అని అరిచాను.

"నేనలా అన్నానా?" అని లోపలికి వెళ్ళిపోయింది.

నేను తియ్యలేదు. వేదిక ఎక్కే ప్రతి రోజూ అమ్మ నా కోసం ప్రార్థన చేసేది. ఓసారి తలుపు చాటునుంచి విన్నాను. "నువ్వు లేవని చెప్పడానికే వెళ్తున్నాడు వెధవ. అయినా నిన్నే అడుగుతున్నాను. వాడి చెయ్యి కాలకుండా చూడు" అంటోంది. నాకు నవ్వాగలేదు. అది అక్కకు చెబితే తనూ పొట్ట పట్టుకుని నవ్వింది. ఇన్నేళ్ళలో నా చెయ్యి ఎప్పుడూ కాలలేదు. జాగ్రత్తగా చేస్తాను కాబట్టి కాలలేదు. అంతే కదా.

జూన్ 9

ప్రార్థన మందిరానికి వెళ్ళాను. ఆ గడప తొక్కి ఎన్నేళ్ళయిందో. కింద అంతస్తు జిమ్ముకు అద్దెకిచ్చారు. మేడ మీద కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి గోడకు ఆనించి ఉన్నాయి. కింద బరువులు పడేసిన ప్రతిసారీ కిటికీ అద్దాలు అదిరాయి. మందిరం పెద్దాయన ఒక్కడే ముందు వరసలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"మీవాళ్ళే గెలిచారయ్యా" అన్నాడు.

"మావాళ్ళు కాదండీ. జిమ్ము గెలిచింది" అన్నాను.

ఇద్దరం నవ్వుకున్నాం. ఆయన నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. అమ్మ సంగతి చెప్పి, "ఒకసారి వచ్చి మాట్లాడండి. మీ మాటయితే వింటుంది" అన్నాను. నా నోటితో నేనే బతిమాలాను. బతిమాలితే తప్పేముంది, మా అమ్మ కోసమే కదా.

వచ్చాడు. అమ్మ మంచం పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు. "మీ అమ్మాయి చివరి ఘడియలో నేనూ అక్కడే ఉన్నానమ్మా. దేవుడి పేరు తలుచుకుంటూ హాయిగా కన్నుమూసింది. అంత మంచి చావు అందరికీ రాదు" అన్నాడు.

అమ్మ చెయ్యి లాక్కుని గోడవైపు తిరిగింది. ఆయన ఇంకా ఏవేవో చెప్పి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

ఆయన మెట్లు దిగాక అమ్మ గోడవైపే చూస్తూ అడిగింది. "నువ్వు చెప్పరా. అది ఎలా పోయింది?"

"నిద్రలోనే అమ్మా. నీకు అప్పుడే చెప్పాను కదా."

అక్క పోయిన ఆ సాయంత్రం గురించి ఇక్కడ రాయను.

జూన్ 10

రాయను.

జూన్ 11

మా అమ్మాయి బుజ్జి కాలేజీ నుంచి వచ్చి నానమ్మ పక్కన పడుకుంది. జావ తాగించబోతే అమ్మ రెండు చెంచాలు తాగి మూతి తిప్పుకుంది. బుజ్జి బయటికొచ్చి నా దగ్గర కూర్చుంది.

"నువ్వు చెప్పు, దేవుడున్నాడా?" అన్నాను. దాన్ని ఎప్పుడూ అడగలేదు. నా కూతురు కాబట్టి లేడనే అంటుందని అనుకున్నాను.

"నాకా సబ్జెక్టే లేదు నాన్నా" అంది.

"అంటే?"

"నువ్వూ నానమ్మా రోజూ ఆయన గురించే కొట్టుకునేవాళ్ళు. ఈ ఇంట్లో దేవుడి పేరు ఎక్కువ ఎత్తేది నువ్వే. మా ఫ్రెండ్స్‌లో ఎవరూ ఉన్నాడనరు, లేడనరు. అసలు ఆ మాటే రాదు."

నాకు కోపం వచ్చింది. ఎందుకొచ్చిందో ఇప్పటికీ తెలియడం లేదు. ఉన్నాడనేవాళ్ళు ఉంటేనే లేడనే నాకు పని. అమ్మా నేనూ ఒక తాడుకు చెరో కొసా పట్టుకుని లాగాం. అమ్మ వదిలేసింది. నేను వెల్లకిలా పడ్డాను.

"మరి నానమ్మ అన్నం తినాలంటే ఏం చెయ్యాలి?" అన్నాను.

"అడుగు నాన్నా. ఏం కావాలో అడుగు" అంది.

చిన్నపిల్ల. దానికేం తెలుసు.

జూన్ 12

ఒక కాలేజీలో ప్రదర్శన. అరచేతి మంట, నీళ్ళతో వెలిగే దీపం, గుప్పిట్లోంచి బూడిద, అన్నీ చేశాను. ముందు వరసలో పిల్ల ఆవులించింది. వెనకనుంచి ఒకడు "సార్, ఇదంతా ఫోన్లో చూసేశాం" అన్నాడు. "అయినా ఇవాళ రేపు ఇవెవరు నమ్ముతారు సార్?" అన్నాడు ఇంకొకడు, మర్యాదగానే.

ఎవరు నమ్ముతారు.

ఇంటికొస్తూ బస్సులో సూట్‌కేసు ఒళ్ళో పెట్టుకున్నాను. నీళ్ళలా కనిపించే చుక్క పడితే వెలిగే దీపం. మనిషి దూరంగా నిలబడ్డా దానంతట అదే వెలిగే దీపం.

ఛీ. ఛీ.

జూన్ 13

దీపం వెలిగితే తింటుంది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. గూట్లో దీపం, నోట్లో ముద్ద. ఆవిడ ఆకలి ఆ దీపంతో ముడిపడి ఉంది. ఇది మనస్తత్వ శాస్త్రమే, మూఢనమ్మకం కాదు. చేదు మాత్రను పంచదారలో కలిపి ఇస్తే పిల్లాణ్ణి మోసం చేసినట్టా? తల్లి ప్రాణం కంటే సిద్ధాంతం ఎక్కువ అనేవాడు మనిషేనా?

ల్యాబులో తలుపేసుకుని నాలుగైదుసార్లు చేసి చూశాను. ఆ ఊదారంగు పలుకులు చేతికి తగిలితే గోధుమరంగు మరక పడుతుంది, సబ్బుకు వదలదు. ఈ విద్య నేర్చుకున్న కొత్తలో అమ్మ వంటగదిలోనే చేశాను. గచ్చంతా మరకలు. "నీ సైన్సు పాడుగాను" అని తిడుతూ నిమ్మచెక్క పెట్టి రుద్దింది. అక్క తలుపు పట్టుకుని నవ్వుతోంది.

రేపు.

జూన్ 14

వెలిగింది.

సాయంత్రం మా ఆవిడ ఇంకా డ్యూటీ నుంచి రాలేదు. "అమ్మా, ఇటు తిరిగి కాసేపు కూర్చో, దుప్పటి మారుస్తాను" అన్నాను. లేపి కూర్చోబెట్టాను. ఒంట్లో బరువే లేదు. ప్రమిద సంగతి అంతకుముందే చూసుకున్నాను. దుప్పటి దులుపుతూ గూటికి దూరంగా, కిటికీ దగ్గర నిలబడ్డాను.  దులిపిన దుప్పటినే మళ్ళీ దులిపాను.

సన్నగా పొగ లేచింది. చిన్న చప్పుడు. వత్తి అంటుకుంది.

అమ్మ నోరు తెరుచుకుని చూసింది. తర్వాత ఒక కేక పెట్టింది. అలాంటి కేక నేనెప్పుడూ వినలేదు, ఏడుపో సంతోషమో తెలియలేదు. మంచం దిగింది. తనంతట తానే దిగింది! గోడ పట్టుకుని గూటి దగ్గరికి నడిచి, మంట మీద చేతులు చాచి కాచుకుంది.

"చూశావురా? చూశావా? అమ్మాయి వచ్చింది. అదే వెలిగించింది. దానికి నా మీద కోపం లేదు. కోపముంటే వస్తుందా? చెప్పు!"

దేవుడు వెలిగించాడంటుందని అనుకున్నాను. అక్క అంటుందని అనుకోలేదు.

"అవునమ్మా" అన్నాను. "అక్కే."

"నువ్వూ చూశావు కదా? నీ కళ్ళతో చూశావు కదా?"

"చూశానమ్మా."

అన్నం తింది. రెండోసారి అడిగి పెట్టించుకుని మరీ తింది. నేను పెరట్లోకి వెళ్ళి కుళాయి విప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. ఆనందంతోనే.

జూన్ 15

అమ్మే దీపం వెలిగించింది. మూడు పూటలా తింది. బుజ్జికి జడ వేసింది.

సైన్సు ఓడిపోలేదు. సైన్సే గెలిచింది. ఎవరికీ చెప్పుకోలేని గెలుపు, అంతే.

జూన్ 16

మా ఆవిడ నా వేళ్ళు చూసింది. గబుక్కున చెయ్యి జేబులో పెట్టుకున్నాను, తేలు కుట్టిన దొంగలా. పెరట్లోకి పిలిచి గొంతు తగ్గించి అడిగింది. తగ్గించిన గొంతే భయం నాకు.

"మీరేనా?"

"తింటోందా లేదా?"

"తెలిసిన రోజున?"

"ఎలా తెలుస్తుంది? నువ్వు చెబితే తప్ప."

"ఏవండీ, నేను రోజూ ఆస్పత్రిలో అబద్ధాలు వింటాను. ఏం కాదు, తగ్గిపోతుంది, రేపు ఇంటికెళ్ళిపోతారు. చెప్పేవాళ్ళు తమ భయం కొద్దీ చెబుతారు. మంచం మీదున్నవాళ్ళకి అన్నీ తెలుసు."

నేను భయపడి చెయ్యలేదు. ప్రేమతో చేశాను. ఆవిడకు ఆ తేడా తెలియదు.

జూన్ 18

అమ్మ ఇవాళ గూడు తుడిచి, ప్రమిద తోమింది. బాగా ఓపిక వచ్చింది. మంచి గుర్తు.

అంట్లు తోమే గట్టు మీద రసం పిండేసిన నిమ్మచెక్క ఉంది. మా ఆవిడ పెట్టి ఉంటుంది.

జూన్ 19

భోజనం దగ్గర అమ్మ నా చేతివంకే చూస్తోంది. "ఏంటమ్మా?" అంటే "ఏం లేదు, తిను" అంది. తను తింది. మెల్లగా నమిలి, మందు మింగినట్టు మింగింది. వయసు కదా, పళ్ళు బలహీనపడి ఉంటాయి. పళ్ళ డాక్టరుకు చూపించాలి.

జూన్ 20

సగం కంచం వదిలేసింది.

జూన్ 21

దీపం పెట్టలేదు. తినలేదు. గోడవైపు తిరిగి పడుకుంది.

పళ్ళు కాదు.

జూన్ 22

మళ్ళీ చేద్దామని ల్యాబు నుంచి ఆ పలుకులు తెచ్చాను. ఇంకేం చెయ్యను? నా దగ్గరున్నది ఈ ఒక్క విద్యే.

సాయంత్రం అమ్మ నిద్రపోతోంది అనుకుని గూటి దగ్గర వంగాను. పొట్లం విప్పుతుంటే వెనకనుంచి వినబడింది.

"ఈసారి తగ్గించి వెయ్యి. పోయినసారి గూడు మసిబారింది."

పొట్లం జారి కింద పడింది. పలుకులన్నీ గచ్చు మీద చెదిరాయి. అమ్మ కళ్ళు తెరిచి నా వంకే చూస్తోంది. కోపం కూడా లేదు ఆ కళ్ళలో. కోపముంటే బాగుండేది.

"ఇలా రా. కూర్చో" అంది. కూర్చున్నాను. నా చెయ్యి తీసుకుంది. దిండు కింద నుంచి నిమ్మచెక్క తీసి నా వేళ్ళ మీద రుద్దడం మొదలుపెట్టింది. నేను ముడుచుకుపోయాను. యాభై దాటినవాణ్ణి, తల్లి ముందు వేళ్ళు చాపి కూర్చున్నాను.

"ఎప్పుడు తెలిసిందమ్మా?"

"ప్రమిద తోమేటప్పుడు. పాతగుడ్డకు ఆ మరకే అంటింది. ఎన్నిసార్లు కడిగానురా ఈ మరకలు? నాకు తెలియదా?"

"మరి తిన్నావుగా?"

"నువ్వు చూస్తున్నావని తిన్నాను. దొంగలా నక్కి నక్కి చూస్తుంటే ఎలా తినకుండా ఉంటాను? కానీ అలా ఎన్నాళ్ళని తినగలను?" వేలు మారుస్తూ రుద్దుతూనే ఉంది. "మొదటిరోజు నిజంగా నమ్మాన్రా. అది వచ్చిందనే అనుకున్నాను. ఆ రాత్రి దానితో ఎన్ని కబుర్లు చెప్పుకున్నానో."

రెండో చెయ్యి కూడా ఇమ్మంది. ఇచ్చాను.

"దేవుడు లేడంటే లేడు. ఇంతకాలం ఉన్నాడనుకున్నాను, నా ఖర్మ. కూతురు పోయింది. కొడుకున్నాడు కదా అనుకున్నాను. నోటి దురుసువాడైనా, నా ప్రాణం తీసినా అబద్ధం మాత్రం చెప్పడని నలుగురిలో గొప్పగా చెప్పుకునేదాన్ని. మందిరంలో అందరూ నీ కొడుకు అలాంటివాడు, ఇలాంటివాడు అన్నా, వాడు నిజం మనిషర్రా అని కొట్టిపారేసేదాన్ని. చివరికి నువ్వు కూడానా?"

"నీకోసమే అమ్మా..."

"అందరూ నాకోసమే. ఆ పెద్దాయనా నాకోసమే." నిమ్మచెక్క పక్కన పెట్టింది. "ఆ రోజు ఫోన్ చేసి, నన్ను దాని దగ్గరికి తీసుకెళ్ళరా అన్నాను. నువ్వేమన్నావు? నిద్రపోతోంది, రేపు తీసుకెళ్తాను, నువ్వు దీపం పెట్టి ప్రార్థన చేసుకో అమ్మా అన్నావు. పుట్టి బుద్ధెరిగాక నువ్వు నన్ను దీపం పెట్టుకోమన్నావా ఎప్పుడైనా? అప్పుడే తెలిసిపోయింది నాకు, ఏదో దాస్తున్నావని. తెలిసి కూడా పెట్టాను. ఆ దీపం ముందు కూర్చునే ఉన్నాను అది పోయేదాకా."

చెయ్యి వదల్లేదు.

"చెప్పు. ఎలా పోయింది?"

 లేచి బయటికొచ్చేశాను. వీధి చివరిదాకా నడిచి, మళ్ళీ మొదటికి నడిచి, అలా తిరుగుతూనే ఉన్నాను. చెప్పాలంటే చెప్పగలను. చెబితే ఆ క్షణంలోనే పోతుందేమోనని భయం. ఉంటే నా మొహం ఇక చూడదేమోనని ఇంకా భయం.

జూన్ 23

చెప్పలేదు. నీళ్ళు కూడా వద్దంటోంది.

జూన్ 24

పొద్దున్నే డాక్టరమ్మ వచ్చి సాయంత్రానికి ఆస్పత్రికి తీసుకురమ్మంది. మా ఆవిడ సంచి సర్దింది. బుజ్జి నానమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని నా వంక చూసింది. "అడిగావా నాన్నా, ఏం కావాలో?" అంది.

"అడిగింది. నేనే ఇవ్వలేదు" అన్నాను.

"మరి ఇవ్వు."

అంతే. మా ఆవిడను కూడా పిలిచి కూర్చోబెట్టాను. ఒక్కణ్ణే చెప్పలేననిపించింది.  అమ్మ మొహంలోకి చూడలేక గూటివంక చూస్తూ చెప్పాను. ఇక్కడ కూడా రాస్తున్నాను. ఇక రాయకపోవడంలో అర్థం లేదు.

అక్క నిద్రలో పోలేదు. ఆస్పత్రిలో మధ్యాహ్నం నుంచే నొప్పి మందు పనిచెయ్యడం మానేసింది. మంచం కడ్డీ పట్టుకుని మెలికలు తిరిగింది. పెద్దాయన వచ్చి దేవుణ్ణి తలుచుకో తల్లీ అన్నాడు. అక్క తల అడ్డంగా ఊపింది. "అమ్మ ఏదీ?" అంది. "వస్తోంది" అన్నాను. అమ్మ ఫోన్ వచ్చింది అప్పుడే. ఆ గదిలో అక్కను ఆ స్థితిలో అమ్మ చూడలేకపోతుందనుకున్నాను. అమ్మ చూడలేకపోతుందని కాదు, అమ్మ చూస్తుంటే నేను చూడలేను. అందుకే రావద్దన్నాను, దీపం పెట్టుకోమన్నాను. దేవుణ్ణి అడ్డం పెట్టుకుని తప్పించుకున్నాను. తిరిగి గదిలోకి వెళ్తే అక్క తలుపువైపే చూస్తోంది. "అమ్మా" అంది. మళ్ళీ "అమ్మా". కళ్ళు తలుపు మీద నుంచి తియ్యలేదు. ఇంకో పేరేదీ దాని నోట రాలేదు. చీకటి పడేవేళ పోయింది.

చెప్పడం అయింది. అమ్మ నన్ను దగ్గరికి రమ్మని చెయ్యి ఊపింది. వెళ్ళి వంగాను. చెంప మీద కొట్టింది. ఆ చేతిలో బలమేముంది, దెబ్బ తగల్లేదు కూడా. మళ్ళీ కొట్టింది. తర్వాత నా చొక్కా గుప్పిట పట్టుకుని ఏడ్చింది. అక్క పోయిన దగ్గర్నుంచీ అమ్మ ఏడవలేదని అప్పుడు గుర్తొచ్చింది నాకు. "నా తల్లీ, నన్ను పిలిచావా, నన్నే పిలిచావా" అంటూ ఏడ్చింది. బుజ్జి ఏడ్చింది. మా ఆవిడ ఏడుస్తూనే నాడి చూసింది.

పొద్దు వాలింది. గూడు చీకటిగానే ఉంది. అమ్మ నా చొక్కా వదిలి కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇంత అన్నం పెట్టవే" అంది మా ఆవిడతో.

జూన్ 27

ఆస్పత్రికి వెళ్ళలేదు. తింటోంది. కొంచెమే, కానీ తనకోసం తింటోంది.

నాతో మాట్లాడటం లేదు. బుజ్జి చేత చెప్పిస్తోంది. "మీ నాన్నను నా మాత్రలు తెమ్మను." ఎదురుగానే ఉంటాను. తెస్తాను.

జూన్ 28

గడ్డం సార్ ఫోన్. అమ్మగారు కోలుకున్నారట కదా, సత్కారం పెట్టుకుందామా అన్నాడు. మా అమ్మ ఏ పక్షమూ కాదు సార్ అన్నాను. మరి మీరు అన్నాడు. ఫోన్ పెట్టేశాను.

దేవుడు లేడు. ఆ విషయంలో నాకు ఇవాళ కూడా అనుమానం లేదు. కానీ ఆ మాట తెలిసినంత మాత్రాన నేను నిజం మనిషినని ఎలా అనుకున్నానో.

జూన్ 30

అమ్మ ఇవాళ కూడా దీపం వెలిగించలేదు.

పొద్దువాలే వేళకు నన్ను పిలిచింది. బుజ్జి చేత కాదు, తనే. మంచం మీద కూర్చోబెట్టుకుంది. గూటివంక చూడలేదు, నా వంక చూసింది.

"ఏమందిరా?" అని అడిగింది.

"అమ్మా అంది."

"మళ్ళీ?"

"మళ్ళీ అమ్మా అంది."

"తలుపువైపు చూసిందా?"

"చివరిదాకా చూసిందమ్మా."

కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి గానీ ఏమంటోందో వినబడలేదు. తర్వాత లేచి, గోడ పట్టుకుని మెల్లగా భోజనానికి వచ్చింది. నేను చెప్పిందంతా మళ్ళీ చెప్పమని నిన్న మా ఆవిడను అడిగిందట. రేపు కూడా అడుగుతుంది. నేనుంటాను. చెబుతాను.